బండయు, రాయియు

శ్రియఃపతియైన నారాయణుడు భక్తుల ననుగ్రహించుటకై కొండలను, గుహలను, నదీతీరములను తనకు నెలవులుగా చేసికొన్నాడని మన పెద్దలు చెప్పుదురు. దక్షిణ తెలంగాణపు మెట్టసీమలో పుట్టి పెరిగినవారికి ఈ మాట వేరుగా బోధింపనక్కరలేదు. పాత నల్లగొండ, మహబూబ్‌నగరము జిల్లాలలో ఏ దిక్కునకు చూచినను గుట్టలు కనబడును. పెక్కు గుట్టలపై గుడులు కనబడును. నల్లగొండ యను పేరే నల్లని కొండనుండి వచ్చినది. ఇట్టి నేలపై నిలిచి పసివా రడిగిన ఒక ప్రశ్నవలన నాకు కలిగిన ఆలోచనను భగవద్బంధువులతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గత మాఘమాసమున మన్యంకొండ శ్రీవేంకటేశ్వరస్వామి దర్శనమునకు కుటుంబసమేతముగా పోయితిమి. మెట్లప్రక్క నీడలో కొంతసేపు కూర్చుండగా మనుమ లిద్దరికి చిన్న తగవు వచ్చెను. ఒకడు హైదరాబాదులో చదువుచున్నవాడు. రెండవవాడు అమెరికాలో పుట్టి అచ్చటనే పెరుగుచున్నవాడు. ఈ రెండవవాడు కాలిదగ్గర నున్న గులకరాయి నొకదానిని తీసి, "ఈ రాక్ ఎంత నున్నగా ఉందో చూడు" అనెను. మొదటివాడు నవ్వి, "అది రాక్ కాదురా, స్టోన్. రాక్ అంటే అదిగో, ఆ గుండు" అని కొండచరియను చూపెను. ఇద్దరును నా యొద్దకు వచ్చి, "తాతయ్యా, ఎవరిది కరెక్టు?" అని అడిగిరి.

ఇద్దరి మాటయు ఒప్పే యని చెప్పి ఆ పూటకు తగవు తీర్చితిని. ఆంగ్లభాషలో స్టోన్ అనునది ఆ జాతివారి పురాతనమైన ఇంటిమాట. రాక్ అనునది ప్రధానముగా ఫ్రెంచివారినుండి చేరినది. ఇంగ్లండు వాడుకలో రాక్ అనగా భూమిలో పాతుకొని మనిషి కదల్పజాలనిది. స్టోన్ అనగా దానినుండి విడివడి చేతికి వచ్చినది, ఏదో యొక పనికి కుదురుకొన్నది. అందుచేతనే ఉంగరములోని మణిని, పండులోని గట్టి టెంకను, 14 పౌండ్ల తూకమును గూడ వారు స్టోన్ అనియే పిలిచిరి. అమెరికాలో ఈ హద్దు చెరిగి, పిల్లవాడు విసరు గులకరాయియు రాక్ అయినది. భూగర్భశాస్త్రజ్ఞులు పెద్దదైనను చిన్నదైనను ఆ పదార్థమునకు రాక్ అనియే పేరిడిరి. గోడ కట్టువానికి మాత్రము అది స్టోనే.

పిల్లలు తృప్తిపడి ఆటలో పడిరి గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇట్టి జంట మన తెలుగులోను కలదు గదా! చేనిలో నాగలికి అడ్డు తగిలి పెకలింపరానిది బండ. పెకలించి గట్టున పెట్టినది రాయి. పరుపుబండపై ధాన్య మెండబోయుదుము; రాతితో బావికి ఒర కట్టుదుము. హద్దురాయి, మైలురాయి, విసురురాయి, ఊరినడుమ ప్రతిష్ఠించుకొను బొడ్రాయి — ఇవి యన్నియు మనుష్యుడు తెచ్చి నిలిపినవి. భువనగిరిలో ఆకాశమున కెగసిన ఏకశిలను ఎవ్వరును రాయి యనరు. దానిపై పశ్చిమ చాళుక్యుడగు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కోట కట్టించినాడని ప్రసిద్ధి. కోటగోడలు రాతివి, కాలవశమున వానిలో కొన్ని శిథిలములైనవి. క్రిందనున్న బండ అట్లే యున్నది.

ఈ హద్దు మనలోను అంత గట్టిది కాదని ఒప్పుకొనవలెను. ఇంటిలో పరచిన షాబాదు పలకలను మనము బండలనియే యందుము. అవి కోసి తెచ్చినవే. కాని నేల నంటుకొని మన పాదములను మోయుచున్నవి గనుక ఆ పేరు వానికి నిలిచినదేమో! నిందలోను రెండు మాటలును వాడుదుము. దయలేనివానిది రాతిగుండె, చెప్పినను వినని మనస్సు బండబారినది. వివాహమున వధువుచేత సన్నెకల్లు త్రొక్కించి, దీనివలె స్థిరముగా నుండుమని దీవించు ఆచారమును మనదే. ఒకే వస్తువు ఒకచోట నిందకు, ఒకచోట ఆశీస్సునకు ఉపమాన మగుచున్నది.

అయినను బండ రాయిగా మారునప్పుడు నిజముగా మారిన దేమి? పదార్థము మారలేదు. ఈ సీమలోని గ్రానైటు, గ్నైసు శిలలు చాలవరకు 250 కోట్ల సంవత్సరములకు మించిన ప్రాచీనత గలవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. విరిచినంత మాత్రమున ఆ వయస్సు తగ్గదు, ఆ గుణము పోదు. మారిన దొక్కటే — మనిషి చేయి తగిలినది. బండకు ధర్మాధర్మములు లేవు. అది తన చోట తా నున్నది. రాయికిని తనంతట ధర్మాధర్మములు లేవు. కాని అది మన చేతిలో నున్నది. చేతిలోని రాతితో ఒకని తల పగులగొట్టవచ్చును, పునాదిలో పెట్టి ఇల్లు కట్టవచ్చును, పీఠమున నుంచి పూజింపవచ్చును. కనుక ధర్మవిచారము బండతో మొదలు కాదు, రాతితో మొదలగుచున్నది.

మన్యంకొండ విషయమునే చూడుడు. త్రవ్వని కోనేరు, చెక్కని పాదములు, ఉలి ముట్టని స్వామి — ఈ మూడు విశేషములను పాలమూరు సీమవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. శ్రీరంగప్రాంతము నుండి వచ్చిన అళహరి కేశవయ్యయను భక్తుడు కృష్ణానదిలో స్నానము చేసి, దోసిలితో అర్ఘ్యము విడుచుచుండగా, చెక్కని శిలారూపమున స్వామి ఆ నీటిలోనుండి వచ్చి ఆయన చేతులలో నిలిచినాడనియు, ఆ మూర్తిని ఆదిశేషుని ఆకృతిగల గుహలో ప్రతిష్ఠించినాడనియు స్థలకథ. ఈ కథలో బండయు గలదు, రాయియు గలదు. గుహ కదలక వేచియున్నది. స్వామి కదలి వచ్చినాడు. గుహయొద్దకు మనము పోవలెను. స్వామి మనయొద్దకే వచ్చినాడు.

శ్రీవైష్ణవాచార్యులు భగవంతుని గుణములలో పరత్వమును, సౌలభ్యమును రెంటిని ఎత్తి చెప్పుదురు. అందరికంటె పైవా డగుట పరత్వము. అందరికిని అందువా డగుట సౌలభ్యము. పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అను అయిదు రూపములలో అర్చారూపమునకే సౌలభ్య మధికమని వారి నిర్ణయము. నా అల్పబుద్ధికి బండలో పరత్వపు ఛాయయు, రాతిలో సౌలభ్యపు ఛాయయు తోచుచున్నవి. గండకీనదిలో దొరలి దొరలి, నున్ననై, ఒక గృహస్థుని అరచేతిలో ఇముడునంతటి సాలగ్రామమై, అతని ఇంటి తులసితీర్థముతో తృప్తిపడుటకంటె సౌలభ్య మేమి గలదు?

యాదగిరిగుట్టలో ఈ రెండును ఒక్కచోటనే కనబడును. యాదఋషి తపస్సునకు మెచ్చి జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనృసింహ రూపములతో స్వామి వెలసిన ఆ క్షేత్రమున గుహయే గర్భాలయము. ఆలయమును పునర్నిర్మించి 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణము జరిపినప్పుడు, ఆ గుహను అట్లే యుంచి, దానిచుట్టును కృష్ణశిలతో మండపములు, ప్రాకారములు నిలిపిరి. లోపలిది ఎవరును తేని బండ. వెలుపలిది ఎందరో మోసి తెచ్చి చెక్కిన రాయి. భక్తుడు రాతిస్తంభముల నడుమగా నడచి బండను చేరుచున్నాడు. ఈ రెంటిలో దేనియందు స్వామి యున్నా డందము?

ఈ ప్రశ్నకు నృసింహావతారమే సమాధానము. స్వామి ప్రహ్లాదునికై ఏ పర్వతమును చీల్చుకొని రాలేదు. హిరణ్యకశిపుని సభలోని స్తంభమునుండి వచ్చినాడు. స్తంభ మనగా ఒకరు చెక్కినది, మరొకరు మోసినది, ఇంకొకరు నిలిపినది. ఆ రాక్షసరాజు దానిని తన సొత్తనుకొన్నాడు. నా సభలో నా స్తంభములో హరి ఎక్కడ నున్నాడని గద్దించి కొట్టినాడు. కొండలో దేవు డున్నాడని నమ్మువారు ఎందరో కలరు. మనము విరిచి, చెక్కి, నాది యనుకొన్న వస్తువులోను ఆయన యున్నాడని నమ్ముటయే కష్టము. ఆ కష్టమైన నమ్మికయే ప్రహ్లాదునిది.

రాయి కదలగలదు. దానిని కదల్చునప్పుడు మనకొక బాధ్యత పుట్టుచున్నది. శ్రీశైలము ప్రాజెక్టు జలాశయమువలన కృష్ణా తుంగభద్రా సంగమమున నున్న కూడవెల్లి సంగమేశ్వరాలయము మునుగనుండగా, చాళుక్యుల కాలపు ఆ గుడిని రాయి రాయిగా విప్పి, గుర్తులు వేసి, ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. నదీగర్భమునందలి బండ నీటిక్రిందనే యుండెను. రాళ్లు మాత్రము తరలి వచ్చినవి. ఏ రాయి యే వరుసలోనిదో, దేనిపై ఏది కూర్చుండవలెనో అంతయు గుర్తుపెట్టుకొన్న పనివారు లేకున్న అది రాళ్లకుప్పగా మిగిలి యుండెడిది. శివాలయమని మనము దానిని వేరుగా చూడ పనిలేదు. రాయి చేతికి వచ్చిన పిమ్మట దానిపట్ల ఎట్లు మెలగవలెనో ఆ పనివారు చూపిరి.

ఇక నాగార్జునసాగరము సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ ఆనకట్ట ప్రధానముగా రాతికట్టడము. దాని ఎడమకాలువ నీటితో పాత నల్లగొండ జిల్లాలో ఎన్నో చేలు పచ్చబడినవి. ఒక్కొక్క రాయిని పేర్చినది మనుష్యుల చేయి. పాలమూరు కూలీలన్న పేరు దేశమంతటను తెలిసినదే. తమ చేలకు నీరులేక, ఇతరుల చేలకు నీరు తెచ్చు ఆనకట్టలు కట్టుటకై వారు రాష్ట్రములు దాటి వలసపోయిరి. తరతరములుగా బండపనియే వృత్తిగా గల వడ్డెరలు బండమీద పొరను కనిపెట్టి, వరుసగా చిన్న గుంటలు తొలిచి, వానిలో ఇనుపమేకులు దిగగొట్టి, గీత గీసినట్లు దానిని చీల్చెదరు. బండను రాయిగా మార్చువారు వారు. మనము గుడి యెక్కు మెట్టు, గడపగా దాటు పలక, చెయ్యి ఆన్చి నిలుచు కంబము — ఇవన్నియు మొదట అట్టివారి చేతులలో నున్నవే.

ఈనాడు మన సీమలో ఎన్నియో గుట్టలు యంత్రముల నోట పడి కంకర యగుచున్నవి. కొండను విరువక గుడి గాని, ఇల్లు గాని, బాట గాని కట్టినవారు లేరు. కనుక విరుచుటయే పాపమనుట సత్యము కాదు. విరిచినవారు తిరిగి బండగా అతుకలే రన్నది మాత్రము సత్యము. 250 కోట్ల ఏండ్లు నిలిచినదానిని ఒక్క వేసవిలో పిండి చేయునప్పుడు, ఎంత కావలెను, ఎవరికి కావలెను, ఆ ధూళి ఎవరి ఊపిరితిత్తులలో చేరుచున్నది అని అడుగవలసియున్నది. రాతిపిండిని ఏండ్ల తరబడి పీల్చినవారికి వచ్చు సిలికోసిస్ అను వ్యాధికి పూర్తిగా నయముచేయు మందు లేదు. మన గచ్చు నునుపులో వారి ఆయువు కలిసియున్నది.

"మీరు రాతికి మ్రొక్కుదు రేమి?" అని పరిహసించువారు ఎల్లప్పుడును కలరు. వారికి మన పూర్వాచార్యుల మాట సమాధానమై యున్నది. అర్చామూర్తి ఏ పదార్థముతో చేయబడినదని విచారించుట మహాపచారమని వారు నిషేధించిరి. తల్లి ముఖము చూచినవాడు ఆ ముఖమును మాంసమని తలపడు గదా! ఇంతవరకు మనకందరికి తెలిసినదే. దానితో జతగా ఒకే ఊపిరిలో చెప్పిన మరియొక అపచారమును మనము తరచు మరతుము. భగవద్భక్తుని జన్మ మెట్టిదని విచారించుటయు అంతటి అపచారమే యని ఆ పెద్దలు చెప్పిరి. విగ్రహములో రాతిని చూడకుము. మనిషిలో పుట్టుకను చూడకుము. మొదటి ఆజ్ఞను మనము సులభముగా పాటించితిమి. రెండవదాని మాట యేమి?

ఇచ్చట నా తప్పొకటి చెప్పక తప్పదు. సుమారు 40 ఏండ్ల క్రిందట మా ఇంటికి ప్రహరీగోడ కట్టించుచుంటిని. ఒక వడ్డెర దంపతులు వాకిట రాళ్లు కొట్టుచుండిరి. ఒకనాటి ఉదయము లోపల మా సాలగ్రామమూర్తులకు తిరుమంజనము జరుగుచుండెను. ఎండ ముదిరినది. ఆ యమ్మ గడపయొద్దకు వచ్చి మంచినీళ్లడిగెను. నేను చెంబుతో నీరు తెచ్చి, చెంబు ఆమె చేతికి తగులకుండ, పైనుండి ఆమె దోసిలిలో ధారగా పోసితిని. ఆమె వంగి త్రాగెను. దోసిలిలో సుత్తెదెబ్బల కాయలు, రాతిపొడి నా కంటబడెను. నీరు చాలునని తల యూపి పోయి మరల పనిలో కూర్చుండెను. నేను లోపలికి పోయి, విడిచిన తిరుమంజనమును కొనసాగించితిని. తప్పు చేసితినన్న భావన లేశమైనను ఆనాడు నాకు కలుగలేదు. దాహమిచ్చితినన్న తృప్తి గూడ కలిగినది. ఆమె పేరైనను నే నడుగలేదు.

నదిలోనుండి వచ్చిన రాతిని నేను వేదములతో అభిషేకించుచుంటిని. బండనుండి ఆ రాతిని, ఈ రాతిని, సమస్తమైన రాతిని మన చేతి కందించు మనిషికి చెంబు నందీయకుంటిని. లోపల సౌలభ్యమును స్తుతించుచు, గడపలో నేనే బండనై నిలిచితిని. మొన్న మన్యంకొండపై కేశవయ్యగారి కథను పిల్లలకు చెప్పుచు, ఆయన దోసిలి పట్టినాడు, స్వామి అందులోనికి వచ్చినాడు అని చేతులు చాచి చూపబోయితిని. చేతులు చాచినంతనే ఆ యమ్మ దోసిలి కనులకు కట్టినది. కథ పూర్తిచేయలేకపోయితిని. పిల్లలు "తర్వాత ఏమైంది తాతయ్యా?" అని తొందరపెట్టిరి.

తరువాతి కథను వారికి చెప్పితిని, రెంటిని చెప్పితిని. కేశవయ్యగారిది చెప్పితిని, నాదియు చెప్పితిని. అమెరికా మనుమడు చేతిలోని గులకరాతిని కొంతసేపు త్రిప్పి త్రిప్పి చూచి, "అయితే ఆ ఆంటీకి సారీ చెప్పావా?" అని అడిగెను. లేదంటిని. వారెక్కడి వారో, ఇప్పు డెచ్చట నున్నారో నే నెరుగను. ఆమె కొట్టిన రాళ్లతో లేచిన గోడ మాత్రము ఇప్పటికిని మా ఇంటిచుట్టు చెక్కుచెదరక యున్నది.

బండ దేవుడు చేసినది. రాయి మనిషి చేతిలోనికి దేవుడు విడిచినది. దానితో ఏమి చేసితిమో, దానిని మన కందించినవారిని ఎట్లు చూచితిమో అన్నదానికి మనమే ఉత్తరవాదులము. ఈ పత్రికను చదువు సోదరీసోదరులు మరల ఏ కొండ నెక్కునప్పుడైనను, మొదటి మెట్టునకు పసుపు కుంకుమ పెట్టి మ్రొక్కునప్పుడు, ఆ మెట్టును చెక్కిన చేతులకును అందులో ఒక నమస్కారము చేర్చవలెనని ప్రార్థించుచున్నాను. వారు మీ వాకిటికి వచ్చి నీరడిగినచో చెంబును చేతి కందీయుడు. నేను చేయనిదానిని మీచేత చేయింపుమని ఉలి ముట్టని ఆ స్వామి పాదములయందు వేడుచున్నాను.